కంచె లేని దారుల్లో ఇనుప చట్రం

వాహనం ముఖభాగానికి అదనంగా బిగించే లోహపు రక్షణ చట్రాన్ని తెలుగునాట క్రాష్ గార్డ్ అనీ, బంపర్ గార్డ్ అనీ, బుల్ బార్ అనీ పిలుస్తారు. ఆస్ట్రేలియాలో దాని పేరు రూ బార్, అంటే కంగారూ నుంచి కాచే కమ్మీ. కుటుంబం కోసం కొన్న ఎస్‌యూవీకి దీన్ని బిగించాలా వద్దా అన్నది పైకి అలంకారానికో, చలానా భయానికో సంబంధించిన చిన్న విషయంగా కనిపించినా, దాని వెనుక దాదాపు 200 ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర రైలింజనుతో మొదలై, ప్రతి మలుపులోనూ దారికీ దారి పక్కనున్న నేలకూ మధ్య కంచె ఉందా లేదా అన్న విషయం చుట్టూనే తిరిగింది. కంచె ఉన్న చోట చట్రంతో పని పడలేదు, కంచె లేని చోట అది తప్పలేదు. కంచె లేని బీడు కోసం పుట్టిన ఆ వస్తువు మనుషులు నడిచే వీధిలోకి అడుగుపెట్టిన నాటి నుంచే దాని మీద వివాదం మొదలైంది.

1825లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గపు బిల్లుపై బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపినప్పుడు, పట్టాల మీదికి ఆవు వస్తే ఏమవుతుందని ఒక సభ్యుడు అడగగా, ఇబ్బంది ఆవుకేనని ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ బదులిచ్చాడని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. జవాబులో చమత్కారం ఉన్నా ప్రశ్న మాత్రం సబబైనదే. స్టీఫెన్‌సన్‌ల కర్మాగారంలో తయారై 1829 నాటి రైలింజన్ల పోటీలో గెలిచిన ‘రాకెట్’ ఇంజను బరువు నాలుగున్నర టన్నులకు మించదు కాబట్టి, బలిసిన పశువు చక్రాల కింద పడితే ఇంజను పట్టాలు తప్పే ప్రమాదం నిజంగానే ఉండేది. 1830లో ఆ మార్గం తెరిచే నాటికి, ఎదురొచ్చే అడ్డంకులను పక్కకు నెట్టే ఒక అమరికను ఇంజను ముందు పెట్టవచ్చునని తాను సూచించినట్టు గణితవేత్త చార్లెస్ బాబేజ్ 1864లో వెలువరించిన ఆత్మకథలో రాసుకున్నాడు. గణన యంత్రాల రూపకర్తగా ప్రసిద్ధుడైన ఆయనకు ఈ సూచన వల్ల సొంత దేశంలో దక్కిన ఫలితం ఏమీ లేదు. ఎందుకంటే బ్రిటన్ ఈ చిక్కును ఇంజను మీద కాక నేల మీద పరిష్కరించింది. మార్గానికి ఇరుపక్కలా పశువులు దాటలేని కంచె కట్టి నిలబెట్టే బాధ్యతను 1845 నాటి రైల్వే చట్టం కంపెనీల మీదే మోపింది. అక్కడి ఇంజన్ల ముఖాలు బోసిగా ఉండిపోవడానికి కారణం ఇదే.

అమెరికాలో పరిస్థితి తలకిందులు. వేల మైళ్ల పొడవునా మనుషులు అంతంతమాత్రంగా ఉన్న నేలలో కంచె కట్టడం ఏ కంపెనీకీ శక్యం కాలేదు. పైగా దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల్లో చాలా చోట్ల పశువులను స్వేచ్ఛగా మేపుకోవడం యజమాని హక్కుగా చెల్లుబాటయ్యేది కనుక, రైలు కింద పడిన ప్రతి ఆవుకూ పరిహారం అడిగేవారు బయలుదేరారు. న్యూజెర్సీలోని కామ్డెన్–ఆంబాయ్ రైల్వేకు ఇంగ్లండు నుంచి 1831లో విడిభాగాలుగా వచ్చిన ‘జాన్ బుల్’ ఇంజనును కూర్చిన మెకానిక్ ఐజాక్ డ్రిప్స్, ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో దాని ముందు అదనపు చక్రాలనూ, వాటి మీద ఒక చట్రాన్నీ అమర్చాడు. అమెరికా రైల్వే చరిత్రలో కౌక్యాచర్‌గా పేరుపడిన పరికరానికి ఆద్యరూపం అదే. తరువాతి దశాబ్దాల్లో అది ముక్కోణపు నాగలి కర్రులాంటి రూపం తెచ్చుకుని, ఎదురొచ్చినదాన్ని కిందికి పోనీయకుండా వాలుగా ఎత్తి ఇరుపక్కలకు విసిరేసే విధంగా స్థిరపడింది. ఈ వాలును ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తరువాత కార్లకు వచ్చిన చట్రాల్లో ఉపయోగానికంటే ఆకారానికి ప్రాధాన్యం దక్కి, పక్కకు తప్పించే ఈ గుణం చాలావరకు పోయింది, ఎదురుగా నిలబడి గుద్దే గుణమే మిగిలింది.

ఇదే కాలపు చివరి భాగంలో, ఇప్పుడు దాదాపు మరుగున పడిన మరొక పాయ కూడా కనిపిస్తుంది. 1890లలో విద్యుత్ ట్రాములు నగర వీధుల్లోకి వచ్చినప్పుడు, గుర్రపు బండి వేగానికి అలవాటుపడిన పాదచారులు వాటి కింద పడసాగారు. అందువల్ల ట్రాము ముందు భాగాన నేలకు ఆనుకునేంత కిందుగా చెక్క పలకల తడికెనో, వలలాంటి ఊయలనో వేలాడదీసి, కిందపడిన మనిషిని చక్రాల వరకు పోనీయకుండా ఎత్తిపట్టుకునే ఏర్పాట్లు అనేక నగరాల్లో వచ్చాయి. వాహనం ముందు బిగించే రక్షణ పరికరం బయటి మనిషి కోసం కూడా ఉండవచ్చునన్న ఆలోచన ఆనాడే ఉందనడానికి ఇది సాక్ష్యం. మోటారు కార్ల యుగంలో ఆ ఆలోచన ఎందుకు అడుగంటిందో చెప్పడం కష్టమేమీ కాదు: ట్రాము నగరపాలకుల అనుమతితో నడిచే ఉమ్మడి వాహనం, కారు సొంత ఆస్తి, సొంత ఆస్తి యజమాని ముందుగా కాపాడుకోవాలనుకున్నది తన రేడియేటర్‌నే.

కారుకు బంపర్ కూడా అలా వచ్చినదే. బ్రిటన్‌లో ఫ్రెడరిక్ సిమ్స్ 1905లో రబ్బరు బంపర్ తయారుచేశాడు. 1920లు ముగిసేసరికి ఉక్కు పట్టీ బంపర్ చాలా కార్లకు మామూలు భాగమైపోయింది. నగరంలో నెమ్మదిగా తగిలే దెబ్బలకు అది చాలేది. అది చాలని దేశం ఆస్ట్రేలియా.

ఆస్ట్రేలియా లోపలి భూభాగంలో పశువుల క్షేత్రాలు ఒక్కొక్కటి వేల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంటాయి. రోడ్డు వాటి నడుమ నుంచి కంచె లేకుండానే సాగిపోతుంది. సంజె వేళా, తెల్లవారుజామునా మేతకు బయలుదేరే కంగారూలు దీపాల వెలుగుకు బెదిరి ఏ దిశలో దూకుతాయో చెప్పలేరు. మగ ఎర్ర కంగారూ 85 కిలోల దాకా తూగుతుంది. ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉన్న చోట గుద్దుకోవడం వల్ల కారు ముందరి రేకు సొట్టపడటం పెద్ద నష్టమేమీ కాదు. రేడియేటర్ పగిలి నీరంతా కారిపోతే మాత్రం ఆ ఎండలో బండితోపాటు మనిషీ చిక్కుకుపోతాడు. కాబట్టి పశువుల క్షేత్రాల్లోని పనివారు తమ కొట్టాల్లోనే ఇనుప గొట్టాలను, పాత కమ్మీలను వంచి, అతికి, లారీలకూ యూట్‌లకూ బిగించుకోవడంతో ఈ చట్రం పుట్టింది. యూట్ అంటే ముందు సీట్లూ, వెనుక సామాను తొట్టీ ఉన్న వాహనం. ఈ చట్రం ఏ ఒక్కరి కనిపెట్టుడూ కాదు. అవసరం ఒకటే కావడం వల్ల ఒకే రూపం పదిచోట్ల వచ్చింది.

వాహనాలు, రోడ్లు మారిన కొద్దీ ఆ అవసరం పెరిగింది. 1949లో మొదలైన స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకంలో నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనాల వాడుక విస్తరించింది. పథకంలో గుత్తేదారులైన థీస్ సోదరులు 1950ల చివర్లో జపాన్ నుంచి టొయోటా ల్యాండ్ క్రూజర్లను దిగుమతి చేయించారు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు చెందిన కర్ట్ జోహాన్‌సెన్ వంటివారు యుద్ధానంతర కాలంలో రూపొందించిన రోడ్ ట్రెయిన్లు, అంటే ఒక లారీ వెనుక పలు ట్రెయిలర్లు తగిలించి నడిపే బండ్లు, క్రమంగా 53.5 మీటర్ల పొడవు దాకా పెరిగాయి. అంత బరువుతో వచ్చే బండి హఠాత్తుగా ఆగలేదు కాబట్టి దాని ముందు గోడంత చట్రం తప్పనిసరి అయింది. నల్లార్‌బార్ మైదానాన్ని దాటే అయర్ హైవేకు 1976లోనూ, డార్విన్ దాకా పోయే స్టువర్ట్ హైవేకు 1987లోనూ తారు పరచడం పూర్తయింది. మట్టి దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి తారు మీద 100 అందుకుంటే, వేగపు వర్గాన్ని బట్టి పెరిగే గతిశక్తి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. కంగారూ పాతదే అయినా దెబ్బ కొత్తది. ఈ దశలోనే కొట్టాల పని పరిశ్రమగా మారింది. టీజేఎం 1973లో బ్రిస్బేన్‌లోనూ, ఆంటొనీ రొనాల్డ్ బ్రౌన్ తన పేరులోని తొలి అక్షరాలతో పెట్టిన ఏఆర్‌బీ 1975లో మెల్బోర్న్‌లోనూ మొదలయ్యాయి. చట్రం మీద బురదలోంచి బండిని లాగే వించ్, దూరపు దీపాలు, జాకీ పట్టు వంటివన్నీ చేరి, అదొక పనిముట్ల స్తంభంగా తయారైంది.

అదే దశాబ్దాల్లో కారు లోపలి నిర్మాణం మాత్రం పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. బండి ఎంత గట్టిగా ఉంటే లోపలివారికి అంత రక్షణ అన్న పాత నమ్మకాన్ని మెర్సిడెస్‌లో పనిచేసిన ఇంజనీరు బేలా బారేన్యి 1951లో దాఖలుచేసిన పేటెంటుతో తోసిపుచ్చాడు. ముందు, వెనుక భాగాలు నలుగుతూ దెబ్బను మింగేలా, మనుషులు కూర్చునే నడిమి గది మాత్రం చెక్కుచెదరకుండా కట్టాలన్నది ఆయన సూత్రం. ఆ సూత్రం ప్రకారం తయారైన కార్లు 1959 నుంచి మార్కెట్లోకి వచ్చాయి. 1980ల నుంచి గాలి సంచి, అంటే ఎయిర్‌బ్యాగ్, దానికి తోడైంది. గుద్దుకున్న క్షణంలో బండి వేగం ఎంత త్వరగా, ఏ తీరులో పడిపోతోందో సెన్సర్లు కొలిచి, సెకనులో వందో వంతుల్లో లెక్కపెట్టదగిన వ్యవధిలో సంచి విచ్చుకోవాలో వద్దో తేలుస్తాయి. ఆ తీరు ఒక్కో మోడల్‌కు ఒక్కో విధంగా ఉంటుంది. కర్మాగారంలో పలు బండ్లను గోడకు కొట్టి చూసి దాన్ని నిర్ణయిస్తారు. ఛాసీ కొసలకు నేరుగా బోల్టు చేసిన ఉక్కు చట్రం, నలగడానికే పెట్టిన భాగాన్ని దాటవేసి దెబ్బను వెనుకకు పంపుతుంది కనుక, చిన్న తాకిడికి సంచి విచ్చుకోవడమో, పెద్ద తాకిడికి ఆలస్యం కావడమో సంభవించే అవకాశం ఉంది. ఆస్ట్రేలియా తయారీదారులు 1990ల నుంచి చట్రాన్ని మోడల్ వారీగా పరీక్షించి, నలిగే బిగింపులతో అమ్మడం మొదలుపెట్టింది ఈ కారణం చేతనే. ‘ఏ బండికైనా సరిపోయేది’ అని అమ్మే గొట్టానికీ దీనికీ పేరులో తప్ప సామ్యం లేదు.

బయటి మనిషి మళ్లీ చర్చలోకి వచ్చింది ఐరోపాలో. 1980ల, 90ల నాటికి ల్యాండ్ రోవర్ డిస్కవరీ వంటి బండ్లు లండన్ వంటి నగరాల్లో పిల్లలను బడికి దింపే వాహనాలయ్యాయి. కంగారూ జాడలేని ఆ వీధుల్లో మెరిసే చట్రాలు సాహసయాత్రల ఊహను అమ్మాయి, అంతకు మించి వాటికి అక్కడ పని లేదు. మామూలు బానెట్ రేకు కొంత వంగుతుంది, దాని కింద ఇంజనుకు మధ్య కొంత ఖాళీ ఉంటుంది; సన్నటి గట్టి గొట్టం ఆ దెబ్బనంతా ఒక్క గీత మీదికి తెచ్చి, పెద్దవారి తుంటికో, చిన్నపిల్ల తలకో తగిలిస్తుంది. ఐరోపా కార్ల తయారీ సంస్థలు 2002 జనవరి నుంచి గట్టి చట్రాలను కొత్త కార్లకు అమర్చబోమని ముందుగా మాట ఇచ్చాయి. 2005 అక్టోబరులో వచ్చిన ఐరోపా ఆదేశం విడిగా అమ్మే చట్రాలకు కూడా కాలి నమూనాతో, తల నమూనాతో పరీక్షలు పెట్టింది. 2009 నాటి నిబంధన ఆ పరీక్షలను పాదచారుల రక్షణ నియమాల కిందికి చేర్చింది. ఆస్ట్రేలియా కూడా 2002లో ప్రమాణం ప్రకటించింది. ఎడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో వెలువరించిన పరీక్షల ఫలితాల్లో ఉక్కు చట్రాలు పాదచారికి అత్యంత ప్రమాదకరమని తేలగా, పాలిమర్‌తో చేసినవి చాలా మెరుగ్గా నిలిచాయి. వస్తువును పూర్తిగా నిందించకుండా దాని పదార్థాన్నీ, చోటునూ విడదీసి చూడవలసిన అవసరాన్ని ఈ ఫలితాలు స్పష్టం చేస్తున్నాయి.

భారతదేశంలో ఈ చట్రం దారి వేరు. అంబాసిడర్ల, జీపుల కాలంలో బంపరే ఉక్కుది కనుక అదనపు కమ్మీతో పెద్దగా పని ఉండేది కాదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక, దాని తేలిక ముఖాన్ని చూసి నమ్మకం కుదరని యజమానులు ముందూ వెనుకా మెరుగుపెట్టిన గొట్టాలు బిగించుకున్నారు. ఇంట్లోవారు దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టడం, షాపువాడు గార్డ్ కట్టడం ఒకే పూట జరిగేవి. 1994లో టాటా సుమో, 1998లో సఫారీ, 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చిన తరువాత ఆ గొట్టం హోదాకు గుర్తయింది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే కార్మికుల చేతిలో గొట్టాన్ని వంచే నేర్పు ముందే ఉంది, సికింద్రాబాద్ రాణీగంజ్ వంటి విడిభాగాల బజార్లలో సరుకు దొరికేది. ఇక గిరాకీని రాజకీయ నాయకుల కాన్వాయ్‌లూ, రాయలసీమ ముఠా కక్షల చుట్టూ అల్లిన సినిమాలూ చూసుకున్నాయి. 1999 నాటి ‘సమరసింహారెడ్డి’, 2002 నాటి ‘ఆది’ వంటి చిత్రాల తరువాత తెలుగు తెర మీద దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోల వరస ఎంత పరిపాటి అయిందో ప్రేక్షకులకు చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియాలో భయం నుంచి పుట్టిన వస్తువు ఇక్కడ భయపెట్టడానికి పనికొచ్చింది.

తెలుగు నేల మీద కంచె లేదన్న మాట నిజమే, అందువల్ల గార్డ్‌ను సమర్థించేవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. పంట చేలల్లో, దారుల్లో పడిన పశువులను పట్టి కట్టివేయడానికి 1871 నాటి చట్టం ప్రకారం ఊరూరా ఏర్పడిన బందెలదొడ్లు చాలాచోట్ల శిథిలమైపోయాయి. వానాకాలపు రాత్రుల్లో పొడిగా, వెచ్చగా ఉండే తారు మీదే గేదెలు పడుకుంటాయి. నాలుగు వరుసల రహదారుల్లో సైతం డివైడర్ సందుల్లోంచి అవి దాటుతుంటాయి. అయితే ఇటీవలి ఒక ఉదాహరణను గమనించాలి. గాంధీనగర్–ముంబై వందే భారత్ రైలు 2022 సెప్టెంబరు 30న మొదలై, అక్టోబరు 6న అహ్మదాబాద్ దగ్గర గేదెల మందను గుద్దినప్పుడు, దాని ముందరి ఫైబర్ ముక్కు ఊడిపోయింది. దాన్ని చూసి నవ్వినవారు చాలామందే; ఆ ముక్కు విరిగిపోవడానికే ఉందనీ, మార్చుకోవడానికి వీలైనదనీ రైల్వే వారు చెప్పి, మరుసటి రోజుకే కొత్తది బిగించి, ఆ తరువాత ఆ మార్గం వెంట లోహపు కంచె వేయించే పనిలో పడ్డారు. 1845లో బ్రిటన్ వెళ్లిన దారి ఇదే.

మన రోడ్ల మీద వాహనం ముందుకు ఎక్కువగా వచ్చేది గేదె కూడా కాదు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు, 74,897 మంది ద్విచక్ర వాహనదారులు. ఇద్దరూ కలిసి దాదాపు 64 శాతం. ఆ మంత్రిత్వశాఖే 2017 డిసెంబరు 7న రాష్ట్రాలకు రాసిన లేఖలో అనుమతి లేని క్రాష్ గార్డులు పాదచారులకూ లోపలివారికీ ప్రమాదకరమనీ, 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమనీ పేర్కొని, చర్య తీసుకోవాలని కోరింది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. గార్డ్ ఉపకరణమే గాని మార్పు కాదన్నది అమ్మకందారుల వాదన, ఈ వివాదం కోర్టుల దాకా వెళ్లింది. 2019లో సవరించిన చట్టం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానాను గాని, 6 నెలల వరకు జైలును గాని, రెంటినీ గాని విధించే అవకాశం కల్పించింది.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, హైదరాబాద్‌లోనో విశాఖలోనో బడికీ బజారుకూ తిరిగే కుటుంబపు ఎస్‌యూవీకి గొట్టపు గార్డ్ బిగించడం వల్ల మిగిలేది ఆటో గీసిన గీతల ఖర్చు మాత్రమే. దానికి బదులుగా పోయేది 2019 జులై నుంచి డ్రైవర్‌కూ, 2021 నుంచి పక్క సీటుకూ తప్పనిసరి చేసిన గాలి సంచుల మీద భరోసా. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు వైద్యుడో, గని ఇంజనీరో తన మోడల్‌కు పరీక్షించిన చట్రాన్ని బిగించుకుంటే దాన్ని తప్పుపట్టలేము. ఇప్పుడు గార్డ్ బిగించే వృత్తికి కొత్త చిక్కు ఒకటి వచ్చింది: 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి అనేక బండ్లు ముందున్న వాహనాన్ని గుర్తించి తామే బ్రేకు వేసే రాడార్‌ను ముఖభాగంలోనే మోస్తున్నాయి, దాని ముందు ఇనుప గొట్టం అడ్డుపడితే ఆ చూపు చెదిరే ప్రమాదం ఉంది. ఆస్ట్రేలియా తయారీదారులు రాడార్‌కు దారి వదిలే విధంగా ఒక్కో మోడల్‌కు చట్రాన్ని మళ్లీ గీస్తున్నారు. గొట్టాన్ని కొలిచి, వంచి, సాయంత్రానికి బిగించి ఇచ్చే వర్క్‌షాపుకు ఆ కొలతలు అందుబాటులో లేవు.